నెట్ స్లో అవుతోందా? తప్పు రౌటర్‌దో కాదో తేల్చుకుని సరిచేసుకునే పద్ధతి

నెట్ స్లోగా ఉందనగానే చాలామంది చేసే పని రెండిట్లో ఒకటి. కంపెనీకి ఫోన్ చేసి నాలుగు మాటలు అనడం, లేదంటే కొత్త రౌటర్‌కి ఆర్డర్ పెట్టేయడం. రెండూ చేయొచ్చు, కాకపోతే తర్వాత. వేగం ఎక్కడ పోతోందో తెలియకుండా డబ్బు పెడితే కొత్త రౌటర్ కూడా పాతది చేసిన పనే చేస్తుంది, ఎందుకంటే దాన్నీ తీసుకెళ్లి అదే టీవీ వెనకాల పెడతాం.

నెట్ వచ్చే దారిని ముక్కలుగా చూడండి. బయటి నుంచి ఇంట్లోకి వచ్చే లైను ఒకటి. ఆ లైను వచ్చి చేరే పెట్టె, అంటే మోడెమ్ లేదా ఫైబర్ ఓఎన్‌టీ, అక్కడి నుంచి రౌటర్ దాకా ఉన్న చిన్న వైరు రెండోది (కొన్ని ఇళ్లలో రెండు పెట్టెలూ ఒకటే). రౌటర్ లోపల జరిగే పని మూడోది. రౌటర్ నుంచి మీ చేతిలో ఫోన్ దాకా గాల్లో నడిచే వైఫై నాలుగోది. ఆ ఫోనో ల్యాప్‌టాపో ఐదోది. వీటిలో ఏది అన్నిటికంటే ఇరుకుగా ఉంటే మీకు అందే వేగం అంతే, మిగతా నాలుగూ ఎంత బాగున్నా లాభం లేదు. మామూలుగా మొదట అనుమానించాల్సింది నాలుగోదాన్నే, కానీ అనుమానంతో సరిపెట్టకుండా కొలిచి తేల్చుకుందాం. ఒక లాన్ కేబుల్, ఒక ల్యాప్‌టాప్, కాస్త ఓపిక ఉంటే చాలు.

## బిట్లు, బైట్ల గోల ముందే వదిలించుకోండి

ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అని ఉంటే అది సెకనుకి 100 మెగాబిట్లు. ఫైల్ డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపించేది చాలాసార్లు మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి 100 ఎంబీపీఎస్ లైను మీద గరిష్ఠంగా కనిపించేది సెకనుకి 12.5 మెగాబైట్లే. అక్కడ 11, 12 కనిపిస్తుంటే మీ నెట్ బ్రహ్మాండంగా ఉంది, ఈ వ్యాసం ఇక్కడితో మూసేయొచ్చు.

## మొదటి కొలత: వైరుతో

లాన్ కేబుల్ ఒక కొస ల్యాప్‌టాప్‌కి, ఇంకో కొస రౌటర్ వెనకున్న లాన్ పోర్టుకి పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై పూర్తిగా ఆపేయండి, లేకపోతే ఏ దారిలో కొలిచామో మనకే తెలియదు. వీపీఎన్ నడుస్తుంటే అదీ ఆపండి. ఇంట్లోవాళ్లని కాసేపు వీడియోలు ఆపమని బతిమాలండి. తర్వాత దగ్గర్లోని సర్వర్‌ని ఎంచుకుని రెండు మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) మూడూ కాగితం మీద రాసుకోండి. నవ్వుకోకండి, నాలుగైదు టెస్టులయ్యాక ఏ అంకె ఏ గదిలోదో ఎవరికీ గుర్తుండదు.

వచ్చిన అంకె ప్లాన్‌కి దగ్గరగా ఉంటే లైను బాగుంది, రౌటర్ లోపలి పని కూడా బాగుంది, గొడవ చాలావరకు వైఫైలోనే. నేరుగా రెండో కొలతకి వెళ్లిపోండి.

అంకె 94 దగ్గర ఆగిపోయి, మీ ప్లాన్ 200 లేదా 300 అయితే అది చాలా స్పష్టమైన గుర్తు. ఎక్కడో ఒకచోట కనెక్షన్ 100 ఎంబీపీఎస్ దగ్గర కుదురుకుంది. చవక రౌటర్లలో పోర్టులే 100 వేగంవి ఉంటాయి, అలాంటి రౌటర్‌కి ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా వైరు మీద అంతకుమించి రాదు. పోర్టులు గిగాబిట్‌వే అయితే కేబుల్‌ని అనుమానించండి. గిగాబిట్‌కి కేబుల్‌లో ఉండే 8 తీగలూ పనిచేయాలి, 100కి 4 చాలు. ఒక్క తీగ తెగినా, కొసన ఉండే ప్లగ్గులో ఒక్క పిన్ను సరిగ్గా ఆనకపోయినా కనెక్షన్ చాలాసార్లు మౌనంగా 100కి దిగిపోతుంది, ఎర్రర్ ఏమీ చూపించదు. క్యాట్5ఇ లేదా క్యాట్6 అని రాసున్న మంచి కేబుల్ వేసి మళ్లీ కొలవండి. మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్న జానెడు కేబుల్‌ని కూడా మార్చి చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అలాగే మీ ల్యాప్‌టాప్ పోర్టే 100దేమో, లేదా మీరు వాడుతున్న యూఎస్‌బీ అడాప్టర్ పాతదేమో కూడా ఒకసారి చూసుకోండి.

అంకె ఇంకా దారుణంగా ఉంటే రౌటర్‌ని పక్కనపెట్టి ల్యాప్‌టాప్‌ని నేరుగా మోడెమ్‌కో ఓఎన్‌టీకో కలిపి కొలవండి. కొన్ని కనెక్షన్లకి పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి, అవి ల్యాప్‌టాప్‌లో ఇవ్వాల్సి వస్తుంది. ఇంకొన్నిటికి కొత్త పరికరం తగిలించగానే మోడెమ్‌ని ఒకసారి ఆపి వేయాలి. అక్కడ వేగం పూర్తిగా వస్తే దోషం రౌటర్‌ది లేదా మధ్య కేబుల్‌ది. అక్కడా రాకపోతే లైనుది, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయడంలో న్యాయం ఉంది.

ఈ కొలతని పొద్దున ఒకసారి, రాత్రి అందరూ నెట్ మీద ఉండే వేళ ఒకసారి చేయడం మంచిది. రాత్రిపూట వైరు మీద కూడా పడిపోతుంటే రద్దీ కంపెనీ వైపు ఉంది. వైరు మీద బాగుండి వైఫై మాత్రమే పడిపోతుంటే చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ ఒకేసారి నిద్రలేచాయన్నమాట, దాని సంగతి ఛానెళ్ల దగ్గర చూద్దాం.

## రెండో కొలత: గాల్లో

ఇప్పుడు కేబుల్ తీసేసి, అదే ల్యాప్‌టాప్‌తో, రౌటర్ ఉన్న గదిలోనే రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చుని టెస్ట్ చేయండి. తర్వాత మీకు ఎక్కడ స్లోగా అనిపిస్తుందో ఆ చోటికి వెళ్లి చేయండి. పరికరం మార్చకూడదు, మారిస్తే పోలికకి అర్థం లేదు.

దగ్గర బాగుండి దూరంలో పడిపోతే అది దూరం, గోడల సమస్య. దగ్గర కూర్చున్నా రాకపోతే అది బ్యాండ్, ఛానెల్ (ఇవేంటో కింద చూద్దాం), సెట్టింగ్ లేదా ఆ పరికరం సమస్య. ఒక్క ఫోన్‌లోనే రాకుండా మిగతా అన్నిట్లో వస్తుంటే రౌటర్‌ని వదిలేయండి, ఆ ఫోన్‌లో వైఫై పేరుని 'ఫర్గెట్' కొట్టి మళ్లీ కలపండి, ల్యాప్‌టాప్ అయితే వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

వైఫై వివరాల్లోకి వెళ్తే లింక్ స్పీడ్ అని ఒక అంకె కనిపిస్తుంది. అది రౌటర్‌కీ మీ పరికరానికీ మధ్య కుదిరిన వేగం, అసలు వేగం కాదు. అసలు అందేది దాదాపు అందులో సగం, మహా అయితే మూడింట రెండొంతులు. లింక్ స్పీడ్ 72 అని చూపిస్తుంటే 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీకు ఏ జన్మలోనూ కనిపించదు. వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఉంటే సిగ్నల్ బలం కూడా డీబీఎంలో తెలుస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 50 అంటే భేషుగ్గా ఉంది, మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, మైనస్ 75 దాటితే తంటాలు మొదలవుతాయి, మైనస్ 80 కూడా దాటితే కనెక్ట్ అయినట్టు కనిపిస్తుందే గానీ పని జరగదు. ఫోన్ మీద కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా గీస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది, నాకు దీనంత ఇష్టమైనది ఇంకోటి లేదు: రౌటర్‌కి పింగ్ కొట్టడం. ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అని ఒక అడ్రస్ ఉంటుంది, చాలా ఇళ్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1. కంప్యూటర్ కమాండ్ విండోలో పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ అడ్రస్ ఇవ్వండి. ఈ ప్రశ్న ఇల్లు దాటి బయటికి పోదు, రౌటర్ దాకా వెళ్లి తిరిగొస్తుందంతే. వైరు మీద 1 మిల్లీసెకను లోపు రావాలి. వైఫైలో 2 నుంచి 10 మధ్య ఉంటే మామూలే. అది ఒకసారి 5, ఒకసారి 180, మధ్యలో 'టైమ్డ్ అవుట్' అంటుంటే ఇంకేమీ చూడక్కర్లేదు, ఇంట్లో గాల్లోనే తేడా కొడుతోంది, కంపెనీకి దీంతో సంబంధం లేదు.

## ఆపి వేయడం, అదీ సరైన పద్ధతిలో

రీస్టార్ట్ చేయండి అనే సలహా విని అందరికీ విసుగొచ్చింది, తెలుసు. అయినా అది పనిచేయడానికి కారణం ఉంది. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే, నెలల తరబడి ఆగకుండా నడిస్తే మెమరీ నిండి, కనెక్షన్ల పట్టిక బరువెక్కి నెమ్మదిస్తుంది. మోడెమ్, రౌటర్ రెండిటి ప్లగ్గూ పీకి, అర నిమిషం ఆగి, ముందు మోడెమ్ పెట్టి దాని లైట్లు కుదురుకున్నాక రౌటర్ పెట్టండి. పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం జోలికి మాత్రం పోకండి, అది రీస్టార్ట్ కాదు, సెట్టింగులన్నీ తుడిచేసే రీసెట్.

రీస్టార్ట్ చేసిన రెండు రోజులకే మళ్లీ అదే కథ అయితే అది పరిష్కారం కాదు, లక్షణం. చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, కాలిపోతుంటే గాలి ఆడట్లేదు. అలమరాలోనో, మోడెమ్ మీద రౌటర్, రౌటర్ మీద సెట్‌టాప్ బాక్స్ పేర్చిన గుట్టలోనో ఉంటే తీసి విడివిడిగా పెట్టండి. వేడెక్కితే కొన్ని రౌటర్లు వేగం తగ్గించుకుంటాయి, కొన్ని వాటంతట అవే రీస్టార్ట్ అవుతాయి. తరచూ రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్‌నీ అనుమానించాలి, పాతబడ్డ అడాప్టర్ సరిపడా కరెంటు ఇవ్వలేక కూడా ఇలా అవుతుంది. మార్చేటప్పుడు దాని మీద రాసున్న వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండొచ్చు లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం వద్దు.

## రౌటర్ ఎక్కడుందో చూడండి

పైసా ఖర్చు లేని పని ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. లైను ఏ మూల నుంచి ఇంట్లోకి వచ్చిందో ఆ మూలే రౌటర్‌ని వదిలేస్తారు. మూలన ఉన్న రౌటర్ సగం సిగ్నల్ వీధికీ పక్కింటికీ దానం చేస్తుంది. వీలైతే పొడుగు లాన్ కేబుల్ వేసి ఇంటి మధ్యకి తీసుకురండి. కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా పనిచేస్తుంది కాబట్టి దాని పొడవు గురించి టెన్షన్ అక్కర్లేదు. నేల మీద కాకుండా భుజం ఎత్తులోనో ఇంకాస్త పైనో పెట్టండి.

టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, పెద్ద అద్దం వెనక, చేపల తొట్టి దగ్గర వద్దు. లోహం సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్లు తాగేస్తాయి. కాంక్రీటు గోడ, అందులోనూ ఇనప చువ్వలున్నది, చెక్క తలుపుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ అడ్డు. ఒక సంగతి గమనించండి: గోడకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉన్న గదికి సిగ్నల్ గోడలోపల ఎక్కువ దూరం ప్రయాణించాలి, అందుకే పక్క గదే అయినా ఆ మూల మంచం దగ్గర నెట్ రాదు. రౌటర్‌ని ఒక్క మీటరు జరిపితే ఆ దారిలో గోడ బదులు తలుపు రావచ్చు. కాబట్టి జరిపి చూడండి, కొలవండి, మళ్లీ జరపండి.

యాంటెన్నాలున్న రౌటర్ అయితే వాటి కొసలు మీవైపు చూపించడం వల్ల ఉపయోగం లేదు, పైగా నష్టం. యాంటెన్నా సిగ్నల్‌ని కొస నుంచి కాక చుట్టూ పక్కలకి వదులుతుంది. ఒకే అంతస్తులో వాడేటప్పుడు నిటారుగా నిలబెట్టండి. పై అంతస్తుకీ కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి.

వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌కి ఇంకో ఇద్దరు శత్రువులున్నారు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా సుమారు 2.45 దగ్గరే, అందుకే వంట వేడిచేసే రెండు నిమిషాలూ వీడియో ఆగుతుంది. రెండోది ఎవరూ ఊహించనిది: యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, వాటి కేబుళ్లు ఆ బ్యాండ్‌లో రొద పుట్టిస్తాయి. రౌటర్‌కే అలాంటి డిస్కు తగిలించి ఉంటే ఒకసారి తీసి కొలవండి.

## బ్యాండ్లు, ఛానెళ్లు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, సగం ఇళ్ల రోగం ఇక్కడే కుదురుతుందని నా నమ్మకం.

ఈ రోజుల్లో రౌటర్లలో ఎక్కువ భాగం రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల మీద, మాట్లాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు కాస్త బాగా దాటుతుంది, కానీ ఇరుకు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఖాళీ ఎక్కువ, దూరం తక్కువ. కొత్తగా వస్తున్న వైఫై 6ఇ, వైఫై 7 రౌటర్లలో చాలావాటికి 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంది, అది ఇంకా ఖాళీ, ఇంకా తక్కువ దూరం. మామూలు ఫోన్ 2.4 మీద మంచి పరిస్థితుల్లో 60 నుంచి 90 ఎంబీపీఎస్ లాగితే గొప్ప, చుట్టూ వైఫైలు నిండిన అపార్ట్‌మెంట్లో 20, 30కి పడిపోవడం వింతేమీ కాదు. అదే ఫోన్ 5 మీద, అదే గదిలో, 400 దాకా సులువుగా పోగలదు. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న: స్లోగా ఉన్న ఆ పరికరం ఇప్పుడు ఏ బ్యాండ్ మీద ఉంది?

చాలా రౌటర్లలో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎటు పంపాలో తామే చూసుకుంటామంటాయి. స్మార్ట్ కనెక్ట్ అనో, బ్యాండ్ స్టీరింగ్ అనో పేరు. ఆలోచన మంచిదే, కానీ మీరు దూరం వెళ్లి మళ్లీ దగ్గరికొచ్చాక కూడా ఫోన్ 2.4ని పట్టుకుని వేలాడుతూ ఉండిపోతుంది. అలా జరుగుతుంటే బ్రౌజర్‌లో ఆ గేట్‌వే అడ్రస్ కొట్టి రౌటర్ పేజీలోకి వెళ్లి (లాగిన్ వివరాలు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి) ఆ సౌకర్యం ఆపి, రెండిటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. ల్యాప్‌టాప్, టీవీ, ఫోన్లు 5 మీద. స్మార్ట్ బల్బులు, ప్రింటర్, దూరంగా ఉన్న కెమెరా 2.4 మీద. వీటిలో చాలావాటికి 5 అసలు రాదు కూడా.

2.4లో ఛానెళ్లు (బ్యాండ్‌లోపలి చిన్న చిన్న దారులు) 1 నుంచి 11 దాకా, కొన్ని దేశాల్లో 13 దాకా ఉంటాయి, కానీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ఎనలైజర్ యాప్‌లో చూసి ఆ మూడింట్లో తక్కువ రద్దీ ఉన్నది పెట్టండి. 'అక్కడ ఎవరూ లేరు కదా' అని 3 లేదా 8 పెట్టుకునేవాళ్లుంటారు, అది తెలివి అనిపిస్తుంది గానీ రెండు వైపులా ఉన్నవాళ్ల రొదా మనకే తగులుతుంది, మన రొద వాళ్లకి తగులుతుంది. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులేసుకుంటాయి. సగం సగం తగిలే ఛానెళ్లలో ఉన్నవాటికి ఆ మర్యాద కుదరదు. ఛానెల్ వెడల్పు 2.4లో 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 పెడితే ఉన్న ఇరుకులో మీరే మూడింట రెండొంతులు ఆక్రమించి, అందరి రొదా నెత్తిన వేసుకున్నట్టు.

5లో వెడల్పు 80 పెట్టుకోవచ్చు. 160 అని ఆశపెడతాయి రౌటర్లు, ఇంటి చుట్టూ ఖాళీ ఉంటే సరే, లేకపోతే 80 చాలు. ఛానెళ్లలో 36 నుంచి 48 దాకా, 149 నుంచి పైన ఉన్నవి మామూలువి (ఏవి దొరుకుతాయో దేశాన్ని బట్టి మారుతుంది). మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. వాటిని డీఎఫ్ఎస్ ఛానెళ్లంటారు. రాడార్ జాడ తగిలితే రౌటర్ వెంటనే ఆ ఛానెల్ ఖాళీ చేయాలి, కొత్తగా అలాంటి ఛానెల్ ఎక్కేముందు కనీసం ఒక నిమిషం మౌనంగా విని చూడాలి. అక్కడ ఇరుగుపొరుగు రద్దీ తక్కువ కాబట్టి అపార్ట్‌మెంట్లో అవి వరమే, కానీ మీ 5 గిగాహెర్ట్జ్ ఉన్నట్టుండి మాయమై కాసేపటికి తిరిగొస్తుంటే కారణం ఇదే కావచ్చు. అప్పుడు 36కి మార్చి చూడండి.

సిగ్నల్ పవర్ గరిష్ఠంగా పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. రౌటర్ మాట ఫోన్‌కి వినిపించినంత మాత్రాన ఫోన్ మాట రౌటర్‌కి వినిపించాలని లేదు, ఫోన్‌లో ఉండేది చిన్న యాంటెన్నా, చిన్న బ్యాటరీ.

## ఎవరూ చూడని రెండు సెట్టింగులు

సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఉండాలి, పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3. అక్కడ టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే అదే దొంగ. వైఫై 4 (802.11ఎన్), ఆ తర్వాతి వేగాలు టీకేఐపీతో పనిచేయవు, లింక్ స్పీడ్ 54 దగ్గర ఆగిపోతుంది. ఏళ్ల క్రితం ఎవరో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయిన ఇళ్లలో ఇది దొరుకుతుంది, మార్చగానే వేగం ఎగిరి కూర్చుంటుంది.

రెండోది, పాత 802.11బీ మద్దతు. 1999 నాటి ఆ పద్ధతి గరిష్ఠ వేగం 11 ఎంబీపీఎస్. వైఫై అంటే ఒకే మైకున్న సభ లాంటిది, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. నత్తనడకన మాట్లాడే ఒక పాత పరికరం మైకు పట్టుకుంటే వేగంగా చెప్పగలవాళ్లు కూడా కాచుక్కూర్చోవాలి. 2.4 మోడ్‌ని 'జీ, ఎన్' లేదా 'ఎన్ మాత్రమే'కి మార్చే వీలుంటే మార్చండి, ఏదైనా పాత వస్తువు కనెక్ట్ అవడం మానేస్తే వెనక్కి పెట్టండి. ఇదే లెక్క దూరానికీ వర్తిస్తుంది: ఇంటి చివర బలహీనమైన సిగ్నల్ మీద వీడియో పెట్టుకున్న ఒక్క టాబ్లెట్ రౌటర్ పక్కనే ఉన్న మీ ల్యాప్‌టాప్‌ని కూడా నెమ్మది చేస్తుంది.

## నెట్‌ని ఎవరు తినేస్తున్నారు

రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా ఉంటుంది. ఒక్కోటీ ఎవరిదో గుర్తుపట్టండి. పేర్లు అర్థం కాకుండా ఉంటాయి, ఒక్కో పరికరం వైఫై ఆపి చూస్తే జాబితాలోంచి ఏది పోతుందో తెలిసిపోతుంది. తెలియనివి మిగిలితే వైఫై పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే సౌకర్యం) ఆపేయండి, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ ఇంకా స్టిక్కర్ మీదదే అయితే అదీ మార్చండి.

అయితే ఎక్కువసార్లు తినేది బయటివాళ్లు కాదు, మన అప్‌లోడే. ఫోన్లు రాత్రిపూట ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి, కెమెరాలు పగలూ రాత్రీ పంపుతుంటాయి. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు పడిపోవాలి? ఎందుకంటే మనం దింపుకునే ప్రతి ముక్కకీ 'అందింది' అని మన వైపు నుంచి చిన్న సమాధానం వెళ్తుంటుంది. అప్‌లోడ్ దారి మూసుకుపోతే ఆ సమాధానాలు వరసలో ఇరుక్కుంటాయి, అవతలి సర్వర్ ఆగిపోతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఏమీ నడవనప్పుడు ఏదైనా బయటి అడ్రస్‌కి, ఉదాహరణకి 8.8.8.8కి, పింగ్ కొట్టండి. తర్వాత పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా మళ్లీ కొట్టండి. 15 ఉన్నది 30, 40 అయితే ఫరవాలేదు. 300, 500 అయితే రౌటరో మోడెమో పంపలేని డేటానంతా లోపల పోగేసి పెట్టుకుంటోంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. స్పీడ్ టెస్ట్‌లో అంకె నిండుగా వస్తున్నా వీడియో కాల్‌లో మాట తెగడం, గేమ్ ఆగి ఆగి నడవడం చాలావరకు దీని పనే, అందుకే 'స్పీడ్ బాగానే ఉందండీ' అని కంపెనీవాళ్లు అంటే అది అబద్ధం కాదు. రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్ (ఆ డేటా వరసని అదుపులో పెట్టే సెట్టింగ్) ఉంటే, లేదా ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులు ఎంచుకునే వీలుంటే అది పెట్టి, వేగం హద్దులు మీ అసలు వేగంలో 90 శాతం దగ్గర ఇవ్వండి. పది శాతం పోతుంది, నెట్ మాత్రం హాయిగా ఉంటుంది.

మామూలు క్యూఓఎస్ (ఏ పనికి ముందు వంతో చెప్పే సెట్టింగ్) విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా రౌటర్లలో అది గానీ, పేరెంటల్ కంట్రోల్, ట్రాఫిక్ లెక్కలు గానీ వేస్తే హార్డ్‌వేర్ సాయంతో జరిగే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 500 లాగగలిగే రౌటర్ 150కి దిగిపోవచ్చు. వైరు కొలతలో నేరుగా మోడెమ్‌కి పెడితే బాగా వచ్చి, రౌటర్ ద్వారా తగ్గుతుంటే ముందు వీటన్నిటినీ ఆపి కొలవండి.

డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చి చెప్పే సర్వర్) మార్చితే స్పీడ్ పెరుగుతుందనే మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. పేజీ తెరుచుకోవడం మొదలయ్యేముందు ఆలస్యం తగ్గొచ్చు, అంతే. డౌన్‌లోడ్ వేగం మీద దాదాపు ప్రభావం ఉండదు. 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడటంలో నష్టం లేదు, అద్భుతాలు మాత్రం ఆశించకండి.

## ఫర్మ్‌వేర్, ఆ తర్వాత రీసెట్

రౌటర్ పేజీలో ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి, మధ్యలో కరెంటు తీయకండి, వీలైతే వైరు మీద ఉండి చేయండి. తర్వాత కూడా రోగం కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్. దానికి ముందు పీపీపీఓఈ వివరాలు, వీఎల్ఏఎన్ నంబరు లాంటివి ఉంటే ఫొటో తీసుకోండి, వీలుంటే సెట్టింగుల బ్యాకప్ కూడా దించుకోండి. రీసెట్ అయ్యాక ఆ బ్యాకప్‌ని మాత్రం తిరిగి ఎక్కించకండి, తప్పు ఉన్న సెట్టింగే వెనక్కి వచ్చేస్తే ఇంత శ్రమా దండగ. చేత్తో ఒక్కొక్కటే పెట్టండి. ఒక్కో మార్పు తర్వాత కొలవండి, నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

## దూరపు గదికి సిగ్నల్

రౌటర్ జరిపినా చివరి గదికి అందకపోతే రిపీటర్ కొనే ముందు ఒక్క నిమిషం. చవక రిపీటర్ ఒకే రేడియోతో ఇటు విని అటు చెప్పాలి, కాబట్టి వేగం సగానికి పడుతుంది. గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ నడవదు. తప్పనిసరైతే దాన్ని సిగ్నల్ లేని గదిలో కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న సగం దారిలో పెట్టాలి. మెష్ (కలిసి ఒకే వైఫైగా పనిచేసే పెట్టెల జట్టు) కాస్త నయం, అందులోనూ పెట్టెల మధ్య మాటలకి విడిగా ఒక రేడియో ఉన్నవి. అన్నిటికంటే మంచిది ఆ గది దాకా ఒక లాన్ కేబుల్ లాగి, అక్కడ పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టడం. వేగం ఏమాత్రం తగ్గదు. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వస్తువులకి నేరుగా కేబుల్ ఇచ్చేస్తే గాల్లో చోటు మిగతావాళ్లకి మిగులుతుంది కూడా.

## రౌటర్ మార్చాల్సిందే అనిపిస్తే

నేరుగా మోడెమ్ మీద వేగం నిండుగా ఉండి, అన్నీ ఆపి రీసెట్ చేసినా రౌటర్ ద్వారా రాకపోతే మార్చండి. 5 గిగాహెర్ట్జ్ లేని రౌటర్, 100 పోర్టులున్న రౌటర్, తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన రౌటర్ కూడా మార్చదగ్గవే. కొనేటప్పుడు డబ్బా మీద ఏఎక్స్3000 అని ఉన్న అంకెని పట్టించుకోకండి, అది అన్ని బ్యాండ్ల లింక్ వేగాలూ కలిపి రాసిన మొత్తం, ఏ ఒక్క ఫోన్‌కీ అంత రాదు. చూడాల్సినవి మూడు: గిగాబిట్ పోర్టులు, వైఫై 6 లేదా ఆపైది, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్నది. మీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వైఫై 5 దగ్గరే ఉంటే వైఫై 7 రౌటర్ కొన్నంత మాత్రాన అవి మారిపోవు.

కొత్త రౌటర్ పెట్టాక ఒక పని మరవకండి. కంపెనీ ఇచ్చిన పెట్టెలో కూడా వైఫై ఉంటే అది ఇంకా మోగుతూనే ఉంటుంది, పక్కపక్కనే రెండు రౌటర్లు ఒకరి ఛానెల్ ఒకరు తొక్కుకుంటాయి, మీ ఫోన్ పాత పేరుకే కనెక్ట్ అవుతుంది. దాని వైఫై ఆపేయండి. వీలైతే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైనుని మాత్రం దాటించేలా, పెట్టమని కంపెనీని అడగండి, లేకపోతే రెండు పెట్టెలూ అడ్రస్‌లు మార్చే పని రెండుసార్లు చేస్తాయి, కొన్ని గేములకీ, బయటి నుంచి ఇంటి కెమెరా చూడటానికీ అది అడ్డు. ఇక కంపెనీకే ఫోన్ చేయాల్సి వస్తే మోడెమ్‌కి నేరుగా వైరు పెట్టి ఏ వేళకి ఎంత వచ్చిందో ఆ కాగితం చూసి చదవండి. 'వైఫై దగ్గరికి వెళ్లి చూడండి, రీస్టార్ట్ చేయండి' అనే మొదటి పది నిమిషాలు తప్పుతాయి, టెక్నీషియన్ త్వరగా వస్తాడు.